మాస్టర్ కంట్రోల్ రూమ్‌లో విశ్వాసి

ఈసీఈ చదివి టీవీ ఛానల్లో టెక్నికల్ ఉద్యోగంలో చేరిన క్రైస్తవ యువతీయువకులకు రెండు మాటలు తరచూ వినబడతాయి. సంఘంలో పెద్దలు ప్రేమతోనే అడుగుతారు: "ఆ మిషన్ల పని సరేలే బాబూ, దేవుని సేవలోకి ఎప్పుడొస్తావు?" ఆఫీసులో మాట వేరేగా ఉంటుంది: "నీ ప్రార్థనలేవో ఇంటి దగ్గర చేసుకో, ఇక్కడ బులెటిన్ టైముకి పడాలి." మొదటివారు ఉద్యోగాన్ని విశ్వాసం గడప బయట నిలబెడతారు. రెండోవారు విశ్వాసాన్ని ఉద్యోగం గడప బయట నిలబెడతారు. ఇద్దరికీ తలూపుతూ పోతే ఆదివారం ఒక మనిషిగా, సోమవారం ఇంకో మనిషిగా బతకడం అలవాటైపోతుంది.

ఈ అధ్యాయంలో నేను చెప్పేది ఆ రెండు మాటలకీ జవాబు. ప్రసార రంగంలో టెక్నికల్ పని చేసే విశ్వాసికి ఆ పనే పరిచర్య. మీ ఛానల్లో వాక్యం ప్రసారమవుతుందా లేదా అన్నదాన్ని బట్టి కాదు, మీరు ఆ పనిని ఎంత నేర్పుగా, ఎంత నిజంగా చేస్తున్నారన్నదాన్ని బట్టి. నిర్గమకాండంలో ప్రత్యక్ష గుడారం కట్టిన సందర్భం ఒకసారి మళ్లీ చదవండి. దేవుని ఆత్మతో నిండినవాడని అక్కడ పేరుపెట్టి చెప్పిన బెసలేలు ప్రవక్తా కాదు, యాజకుడూ కాదు. బంగారం, వెండి, ఇత్తడి, రాయి, చెక్కలతో పనిచేసే చేతిపనివాడు. అతని పక్కన అహోలీయాబు ఉన్నాడు. వాళ్లిద్దరూ ఇతరులకు పని నేర్పే వరం కూడా పొందారని ఆ గ్రంథం చెబుతుంది. టూల్ కిట్ పట్టుకుని డ్యూటీకి వెళ్లే ప్రతి ఇంజనీరూ ఈ ఇద్దరినీ తన పూర్వికులుగా లెక్కవేసుకోవచ్చు.

క్విటో కొండల మీద నిప్పు బంతులు

ప్రార్థనా, ఇంజనీరింగూ ఒక మనిషిలో ఎలా కలిసి పనిచేస్తాయో చూపడానికి నాకు తెలిసిన అన్నింటికంటే మంచి ఉదాహరణ దక్షిణ అమెరికాలో ఉంది. 1931 క్రిస్మస్ రోజున ఈక్వడార్ రాజధాని క్విటోలో హెచ్‌సీజేబీ అనే మిషనరీ రేడియో కేంద్రం మొదలైంది. అప్పుడు దాని ట్రాన్స్‌మిటర్ శక్తి 200 వాట్లు. తర్వాత సంవత్సరాల్లో 10 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ వచ్చింది. దాంతోపాటు ఎవరూ ఊహించని సమస్య ఒకటి వచ్చింది.

క్విటో ఆండీస్ పర్వతాల్లో, సముద్రమట్టానికి దాదాపు 2,850 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పలచన. పలచని గాలి ఎక్కువ వోల్టేజిని తట్టుకోలేదు, త్వరగా విద్యుత్తుకు దారి ఇచ్చేస్తుంది. ఆ రోజుల్లో వాడిన బీమ్ ఏంటెనాలో పొడవాటి లోహపు కడ్డీలుంటాయి. కడ్డీ రెండు కొసల దగ్గరా వోల్టేజి అన్నిటికంటే ఎక్కువ. 10 కిలోవాట్ల శక్తి పంపగానే ఆ కొసల దగ్గర గాలి మండి, చీకటిపడితే నిప్పు బంతుల్లా కనబడేది. అల్యూమినియం కరిగి ముక్కలుగా రాలేది. ఇంజనీర్లు దీన్ని కరోనా డిశ్చార్జి అంటారు. పవర్ తగ్గిస్తే మంట ఆగుతుంది, కానీ ప్రసారం దూరదేశాలకు చేరదు. చేరకపోతే ఆ కేంద్రం ఉండీ ప్రయోజనం లేదు.

అక్కడి ఇంజనీరు క్లారెన్స్ మూర్ 1942లో సముద్రతీరాన ఉన్న ఒక చిన్న ఊరికి సెలవు మీద వెళ్తూ మోయలేనన్ని ఏంటెనా పుస్తకాలు వెంట తీసుకెళ్లాడు. దేవుని సాయంతో ఈ చిక్కు విప్పాలని నిశ్చయించుకుని వెళ్లానని ఆయనే తర్వాత చెప్పాడు. అక్కడే ఆయనకు తట్టిన ఆలోచన చాలా సరళమైనది: కొసల దగ్గర మంట వస్తోందంటే, కొసలే లేని ఏంటెనా కట్టాలి. తీగను చతురస్రంగా వంచి మూసేయాలి. చుట్టుకొలత ఒక తరంగదైర్ఘ్యం, అంటే ఒక్కో భుజం అందులో నాలుగో వంతు. 25 మీటర్ల బ్యాండ్‌కైతే ఒక్కో భుజం ఆరు మీటర్ల పైచిలుకు. ఎక్కువ వోల్టేజి వచ్చే చోట్లు ఇప్పుడు గాలిలో వేలాడే మొనల మీద కాకుండా తీగ మధ్యలో పడతాయి. వెనక అలాంటిదే మరో చతురస్రం రిఫ్లెక్టరుగా పెడితే తరంగాలు ఒక దిక్కుకు వెళ్తాయి. మంట ఆగిపోయింది. క్యూబికల్ క్వాడ్ అనే ఆ ఏంటెనాకు 1951లో అమెరికా పేటెంట్ వచ్చింది. ఇవాళ హైదరాబాదులోనో, విశాఖలోనో మేడ మీద దాన్ని కట్టుకునే హామ్ రేడియో ఔత్సాహికుడికి అది ఒక మిషనరీ కేంద్రంలో పుట్టిందని తెలియకపోవచ్చు. అయినా అది అతనికీ అంతే బాగా పనిచేస్తుంది. మూర్ క్విటో నుంచి అమెరికా తిరిగివెళ్లి, ఎల్కార్ట్ పట్టణంలో 1947లో కంపెనీ పెట్టాడు. ఆడియో యాంప్లిఫయర్లకు పేరుపడిన క్రౌన్ ఇంటర్నేషనల్ అదే.

మూర్ పుస్తకాలు ఇంట్లో వదిలి ప్రార్థనకు వెళ్లలేదు, ప్రార్థన వదిలి పుస్తకాలకూ అతుక్కుపోలేదు. రెండూ ఒకే మూటలో కట్టుకు వెళ్లాడు. మన సంఘాల్లో సాక్ష్యాలు చెప్పేటప్పుడు పుస్తకాల సగం చాలాసార్లు జారిపోతుంది. "ప్రార్థించాను, దేవుడు దారి చూపాడు" అంటాం. ఆ దారి పొడుగునా చదివిన పేజీలూ, గీసిన బొమ్మలూ, విఫలమైన నమూనాలూ కూడా సాక్ష్యంలో భాగమేనని నా గట్టి నమ్మకం.

అదే కేంద్రానికి టెలివిజన్ వచ్చిన తీరు కూడా చెప్పాలి. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన గిఫర్డ్ హార్ట్‌వెల్ అనే ఇంజనీరు, అక్కడ పక్కన పడేసిన పాత టీవీ పరికరాలను బాగుచేశాడు. 1959 నాటికి అవి క్విటో చేరాయి. ఆ దేశంలో టీవీ ప్రసారాలకు తొలి అడుగులు వేసినవాళ్లలో ఆయన ఒకడు. తుక్కులో పడిన ట్రాన్స్‌మిటర్‌ను తిరిగి నిలబెట్టడం సువార్త ప్రసంగం కంటే తక్కువ సేవ అని నేను అనుకోను.

మన దేశంలో ఇంకో రకం ఉదాహరణ ఉంది. తిరువనంతపురం దగ్గర తుంబాలో రాకెట్ కేంద్రం పెట్టడానికి విక్రమ్ సారాభాయ్ స్థలం అడిగితే, బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరా ఆదివారం ఆరాధనలో మత్స్యకారుల సంఘాన్నే అడిగి, వాళ్ల ఒప్పుదలతో సెయింట్ మేరీ మాగ్డలీన్ చర్చిని ఇచ్చేశారు. 1963లో అక్కడి నుంచి తొలి రాకెట్ లేచింది. అదే సారాభాయ్ కలగన్న ఉపగ్రహ టీవీ ప్రయోగం సైట్, 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించింది. ఆ పల్లెల్లో మన ఆంధ్రప్రదేశ్‌వీ ఉన్నాయి. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో వచ్చింది. దానికి ముందే తెలుగు రైతు ఆకాశం నుంచి దిగిన బొమ్మ చూశాడన్నమాట. గుడి ఇచ్చేసిన ఆ మత్స్యకారుల విశ్వాసం ఎంత దూరం పారిందో ఆలోచించండి.

డ్యూటీలో ప్రార్థన

బులెటిన్‌కు ముందు ఒక నిమిషం కళ్లు మూసుకోండి. ఎవరికీ వినబడనక్కర్లేదు. టాక్‌బ్యాక్‌లో మాత్రం వద్దు. ఆ లైను పనికోసం ఉన్నది, దాని మీద పదిమంది ఆధారపడి ఉన్నారు. ప్రార్థన అయ్యాక చెక్‌లిస్టు తీయండి. మెయిన్ ఎన్‌కోడర్ సరే, స్టాండ్‌బై పాత్ మీద సిగ్నల్ నిజంగా వస్తోందా, లేక వస్తుందని అనుకుంటున్నామా? యూపీఎస్ లోడ్ ఎంత? జనరేటర్‌లో డీజిల్ చూసిందెవరు? "దేవుడు చూసుకుంటాడులే" అన్న మాట ఈ ప్రశ్నల ముందు రాకూడదు, వీటి తర్వాతే రావాలి. పరీక్షించని బ్యాకప్ మీద భరోసా పెట్టడం విశ్వాసం అనిపించుకోదు, అది నిర్లక్ష్యం.

సన్ అవుటేజ్ సంగతి తీసుకోండి. ఏడాదికి రెండుసార్లు, మార్చి ప్రాంతంలోనూ, సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు దాకానూ, సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. కొన్ని రోజులపాటు, రోజుకు కొన్ని నిమిషాలు డిష్‌లోకి సూర్యుడి నాయిస్ వచ్చి సిగ్నల్‌ను ముంచేస్తుంది. ఏ రోజు, ఏ నిమిషంలో అన్నది ముందే లెక్కగట్టి టేబుల్ ఇస్తారు. సృష్టికర్త నియమం తప్పనివాడని నమ్మేవాడికి ఆ టేబుల్ చూస్తే ఒక సంతోషం కలుగుతుంది. ఇంత కచ్చితంగా లెక్కకు అందేలా ఆకాశం నడుస్తోంది. ఆ సంతోషాన్ని పనిలో పెట్టండి. టేబుల్ ప్రింట్ తీసి గోడకు అంటించండి, ఫైబర్ లైన్ సిద్ధంగా ఉందో లేదో ముందురోజే చూడండి.

లాగ్‌లో నిజం

ఈ రంగంలో విశ్వాసికి అసలు పరీక్ష ఎదురయ్యేది లాగ్‌బుక్ దగ్గర. ఏ ప్రకటన ఎన్ని గంటల, ఎన్ని నిమిషాల, ఎన్ని సెకన్లకు ప్రసారమైందో యాజ్‌రన్ లాగ్‌లో నమోదవుతుంది. దాన్ని చూసే బిల్లు తయారవుతుంది, ప్రకటన ఇచ్చినవాడు డబ్బు కడతాడు. బ్రేకింగ్ న్యూస్ పడి ఒక బ్రేక్ ఎగిరిపోయిందనుకోండి. పది సెకన్ల స్పాట్ పడలేదు. "పడినట్టు రాసెయ్, ఎవరు చూస్తారు" అని పైనుంచి ఒక మాట వస్తుంది. ఇక్కడే సామెతల గ్రంథం అసహ్యించుకున్న దొంగ త్రాసు మన చేతికి వచ్చేది. బైబిల్ కాలంలో సంతలో తూకం వేసేవాడు చేసిన మోసం, ఇవాళ సర్వర్‌లో ఒక వరస మార్చితే జరిగిపోతుంది.

చేయాల్సింది పెద్ద గొడవేమీ కాదు. స్పాట్ పడలేదని ఉన్నదున్నట్టు రాసి, ట్రాఫిక్ విభాగానికి వెంటనే మెయిల్ పెట్టి, మరో చోట వేయడానికి ఖాళీ ఎక్కడుందో మీరే చూపించండి. నిజం చెప్పడంతోపాటు దారి కూడా చూపించే మనిషిని ఏ షిఫ్ట్ ఇన్‌ఛార్జీ అంత తేలిగ్గా వదులుకోడు. ఫాల్ట్ రిపోర్టు కూడా అంతే. తప్పు బటన్ నొక్కితే "టెక్నికల్ ఫాల్ట్" అని రాయడం అలవాటుగా జరుగుతుంది. ఆ రాతతో మంచి పరికరం మీద నింద పడుతుంది, దాన్ని విప్పి చూడటానికి ఇంకో ఇంజనీరు రాత్రంతా మేల్కొంటాడు. ఎవరు నొక్కారో వాళ్ల పొరపాటే అని రాయాలి.

దానియేలు మీద నేరం మోపాలని చూసినవాళ్లకు అతని రాజకార్యాల్లో ఒక్క లోపమూ దొరకలేదు. అతని ప్రార్థన సంగతి ఎత్తుకోక తప్పలేదు వాళ్లకు. ఆ వరస నాకు చాలా ఇష్టం. ముందు పనిలో తప్పు దొరకకపోవడం, ఆ తర్వాతే అందరూ అతని దేవుని గురించి మాట్లాడుకోవడం. వెండర్ పండక్కి పంపే గిఫ్టులు, క్రాక్ చేసిన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, వీటి దగ్గర కూడా ఇదే కొలత వర్తిస్తుంది.

ఇతరుల పండుగ, మన డ్యూటీ

భద్రాచలంలో సీతారాముల కల్యాణం లైవ్ ఉంది. ఓబీ వ్యాన్‌లో మీ పేరు వేశారు. వెళ్లవచ్చా? ఈ ప్రశ్న చాలామంది యువకుల నిద్ర చెడగొడుతుంది, కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వెళ్లవచ్చు, వెళ్లి మంచి సిగ్నల్ ఇవ్వాలి. సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠు నయమై నిజదేవుణ్ని నమ్మాక, ఎలీషాకు ఒక మనవి చేసుకున్నాడు. నా యజమాని నా చేతి మీద ఆనుకుని రిమ్మోను గుడికి వెళ్తాడు, అప్పుడు నేనూ వంగవలసి వస్తుంది, క్షమించమన్నాడు. ఎలీషా అతన్ని కసరలేదు, సమాధానంతో సాగనంపాడు. కేబుల్ వేయడం, లెవెల్ చూడటం పూజ చేయడం కాదు. చేతిలో హారతి పళ్లెం పెడితే మర్యాదగా వద్దనే స్వేచ్ఛ మీకుంది. మీ సహోద్యోగులు దాన్ని అర్థం చేసుకుంటారు. మనస్సాక్షి ఒప్పుకోనివాళ్లుంటే డ్యూటీ మార్చుకోమని అడగవచ్చు. వాళ్లను చిన్నచూపు చూడకూడదు.

ఇంకో వైపు నుంచి కూడా చూడండి. 1921 జనవరి 2న అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కేడీకేఏ రేడియో కల్వరీ ఎపిస్కోపల్ చర్చి ఆరాధనను ప్రసారం చేసింది. రేడియోలో అదే తొలి చర్చి ఆరాధన అని చెబుతారు. పరికరాల దగ్గర కూర్చున్న ఇద్దరు సాంకేతిక నిపుణుల్లో ఒకరు యూదుడు, ఒకరు కాథలిక్. ఆరాధనకు వచ్చినవాళ్ల దృష్టి చెదరకుండా వాళ్లిద్దరికీ గాయకబృందం అంగీలు తొడిగారు. క్రైస్తవ ఆరాధన గాలిలోకి వెళ్లిన తొలి రోజే, తమది కాని ఆరాధనను శ్రద్ధగా చూసుకున్నవాళ్లున్నారు. మెదక్ చర్చి నుంచి క్రిస్మస్ లైవ్ ఇచ్చే టీములో హిందూ, ముస్లిం సోదరులు చలిలో నిలబడతారు. దసరాకీ, రంజాన్‌కీ వాళ్ల షిఫ్టులు మనం అడిగి మరీ తీసుకుంటే, క్రిస్మస్ సెలవు కోసం ఎవరినీ బతిమాలే పని ఉండదు.

ఆగాల్సిన చోటు వేరే ఉంది. ఒక కులాన్నో మతాన్నో కించపరిచే కథనం, కత్తిరించి అర్థం మార్చిన బైట్, పాత వీడియోను ఇవాళ్టిదిగా చూపడం. వీటి దగ్గర నోరు విప్పాలి. అప్పుడు "నా విశ్వాసం ఒప్పుకోదు" అనేకంటే, కేబుల్ టీవీ నిబంధనల్లో ఉన్న ప్రోగ్రామ్ కోడ్‌ను ముందుపెట్టండి. మతాల మీద దాడి చేసే కార్యక్రమాలు కూడదని అందులో రాసి ఉంది. నిబంధన అందరిదీ, అందుకే గదిలో ఉన్నవాళ్లందరూ దాని పక్కన నిలబడగలుగుతారు. మొదట నోటితో, తర్వాత మెయిల్లో చెప్పండి. రోజూ ఇదే పని అయితే న్యూస్ ప్రొడక్షన్ నుంచి ట్రాన్స్‌మిషన్ వైపు మార్చమనండి. అదీ కుదరకపోతే ఇంకో ఉద్యోగం వెతుక్కోండి, దొరికాకే మానండి. ఇంట్లోవాళ్ల అన్నం కూడా మన బాధ్యతే.

అదే ప్రోగ్రామ్ కోడ్ మూఢనమ్మకాలను ప్రోత్సహించే కార్యక్రమాలు వద్దంటుంది. ఇది మన క్రైస్తవ కార్యక్రమాలకూ వర్తిస్తుంది. స్వస్థత సాక్ష్యం ఎడిట్ చేస్తున్నప్పుడు ఆ తల్లి "మందులు కూడా వాడుతున్నాను" అన్న ముక్క తీసేయమంటే తీయకండి. ఖాళీ కుర్చీలు కనబడకుండా పాత మహాసభల జనాన్ని మధ్యలో అతికించమంటే అతికించకండి. ఇక్కడ బయటి ఛానల్లో కంటే ఎక్కువ ధైర్యం కావాలి, ఎందుకంటే అడిగేది దైవసేవకులు. వినయంగానే, "అయ్యగారూ, ఉన్నది ఉన్నట్టు చూపిద్దాం, దేవునికి మన అతుకులు అవసరం లేదు" అని చెప్పండి. ఈ మాటకు కోపగించుకునేవారికంటే ఆలోచనలో పడేవారే ఎక్కువ ఉంటారని నా ఆశ.

ఆదివారం, రాత్రి డ్యూటీ, సంఘంలో మిక్సర్

వార్తలకు ఆదివారం సెలవు లేదు. ఉద్యోగంలో చేరేటప్పుడే అడిగి తెలుసుకోండి. ఆదివారమంతా ఖాళీ కావాలంటే దొరక్కపోవచ్చు, ఉదయం నాలుగు గంటలు వదిలితే చాలని, బదులుగా శనివారం రాత్రి షిఫ్ట్ తీసుకుంటానని చెబితే తరచూ కుదురుతుంది. చాలా సంఘాల్లో ప్రభురాత్రి భోజనం నెల మొదటి ఆదివారం ఉంటుంది. ఆ ఒక్క ఆదివారాన్ని మాత్రం గట్టిగా పట్టుకోండి. మిగతా వారాల్లో వారం మధ్య కూడికకు వెళ్లండి. ఎక్కడికీ వెళ్లకుండా లైవ్ స్ట్రీమ్ చూసి సరిపెట్టుకోవడం స్ట్రీమింగ్ ఇంజనీరుకు మరీ సులువు. మనుషుల మధ్య కూర్చోవడానికి అది బదులు కాదు.

దేవాలయంలో యాజకులు విశ్రాంతి దినాన పనిచేసినా నిర్దోషులేనని యేసు గుర్తుచేశారు. రాత్రివేళ యెహోవా మందిరంలో నిలిచే సేవకుల గురించి కీర్తనల్లో ఒక చిన్న కీర్తనే ఉంది, 134వది. తెల్లవారుజామున మూడింటికి మానిటర్ల ముందు కూర్చునేవాళ్లు దాన్ని తమదిగా చదువుకోవచ్చు. కానీ రాత్రి డ్యూటీ చేసి, మరునాడు ఆల్ నైట్ ప్రేయర్‌కు వెళ్లి, బండి మీద ఇంటికి రావద్దు. నిద్ర కూడా దేవుడిచ్చిందే.

టీవీలో పనిచేస్తున్నారని తెలియగానే సంఘంలో సౌండ్ మిక్సర్ మీకే అప్పగిస్తారు. సంతోషంగా తీసుకోండి, కానీ ఒక్కరే మోయకండి. ప్రతి ఆదివారం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వెనక నిలబడేవారికి ఏళ్లు గడిచినా ప్రసంగం చెవిన పడుతుంది గాని మనసుకు చేరదు. ఇద్దరు ముగ్గురు పిల్లలకు పని నేర్పి, వంతులు వేసి, ఆ కాగితం పాస్టరు గారి చేతికివ్వండి. కేబుళ్లకు పేర్లు అంటించండి. బయటి హారన్ స్పీకర్ల వాల్యూమ్ తగ్గించే బాధ్యత మీదే అనుకోండి, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదన్న నియమం 2000 సంవత్సరం నుంచీ ఉంది. మీరు నేర్పిన పిల్లల్లో ఒకరికి ఈ పని మీద నిజమైన మక్కువ కనబడితే పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ డిప్లొమా గురించి, పుణె ఎఫ్‌టీఐఐలో సౌండ్ రికార్డింగ్, టెలివిజన్ ఇంజనీరింగ్ కోర్సు గురించి చెప్పండి. బైబిల్ కాలేజీకి వెళ్లే పిల్లలకు సంఘం ఫీజు కడుతుంది కదా, ఈ పిల్లకో పిల్లవాడికో కూడా కట్టమని వచ్చే కమిటీ మీటింగులో మీరే లేచి అడగండి.